మీ ఆటలో లోకం నిజమనిపించాలంటే ఏది ఎంచుకోవాలి?

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కొత్తగా గేమ్ మాస్టర్ అయినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇది: “అన్నా, ఆట బాగానే నడుస్తా ఉంది, పిలకాయలు సరదాగానే ఉన్నారు. కానీ ఆ ఊళ్లో, ఆ అడవిలో ఉన్నట్టు ఎవరికీ అనిపించడం లేదు. ఏం కొనమంటావు? మ్యాపులా, బొమ్మలా, స్పీకరా?” కొనే సంగతి తరవాత చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికి పైసా ఖర్చు లేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఈ తరహా ఆటలు అక్కడి నుంచే మొదలయ్యాయి. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి లోకాన్నీ అందులోని మనుషుల్నీ నడిపిస్తారు. మిగతా ముగ్గురో నలుగురో తలా ఒక పాత్ర తీసుకుని “నేనైతే ఇలా చేస్తా” అని చెబుతారు. ఫలితం ఎటు పోతుందో తెలియనిచోట డైస్ వేస్తారు. ఆటంతా మాటల్లోనే జరుగుతుంది.

మాటల్లో లోకం ఎలా నిలబడుతుందో తెలియాలంటే మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం చూడాలి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపస్సుకు పోయే రోజున బయట ఒక పొడుగాటి మాను నాటుతారు. వేషగాడు పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కుతాడు. కొండ బొమ్మ గీసిన తెర ఉండదు, లైటింగు ఉండదు. కింద కొంగు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకు మాత్రం అది అర్జునుడు తపస్సు చేసే కొండే. బకాసుర వధ నాడు భీముడి బండి వీధి వీధీ తిరుగుతుంది, ఇళ్లలోంచి జనం వండినవి తెచ్చి ఇస్తారు. ఆ పూట ఏకచక్రపురం ప్రజలు ఎవరో కాదు, ఆ ఊరివాళ్లే. వాళ్లకు కథలో చేయడానికి ఒక పని దొరికింది, చేసినదానికి కథలోంచి జవాబు వచ్చింది.

నా గీటురాయి ఇదే. ఆటగాడు చెయ్యి వేస్తే లోకం వెంటనే, సూటిగా బదులు చెప్పాలి. కింద ఏ రెంటిని పోల్చినా, ఆ బదులు ఎందులో తేలికగా వస్తుందో దాని వైపే నేను మొగ్గుతాను. వర్ణన ఎంత అందంగా ఉందన్నది నాకు రెండో విషయం.

లోకం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

మూడు దారులున్నాయి. మొదటిది రెడీమేడ్. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే లోకం 1987 నుంచి అచ్చులో ఉంది. రాజ్యాలు, దేవుళ్లు, పటాలు అన్నీ రాసిపెట్టి ఉంటాయి కాబట్టి మాస్టర్‌కు పని తగ్గుతుంది. చిక్కు ఆటగాళ్ల వైపు నుంచి వస్తుంది. మంచు కురిసే రేవు పట్టణంలో పూటకూళ్ల ఇంట్లో ఏం వండుతారో, అప్పు ఎగ్గొట్టినవాణ్ని ఏం చేస్తారో మనవాళ్లకు తెలియదు. తెలియనిచోట మనిషి చొరవ చేయడు. ప్రతిదానికీ “ఇక్కడ అలా చేయొచ్చా?” అని మాస్టర్ మొహం చూస్తాడు. ఆ లోకం గురించి ఏళ్ల తరబడి చదువుకున్న బృందమైతే ఈ ఇబ్బంది ఉండదు. వాళ్లకు అదే మేలు.

రెండోది ఖాళీ కాగితం మీద సొంత లోకం. ఊహించుకోవడానికి ఎంతో బాగుంటుంది. కానీ వెయ్యేళ్ల చరిత్ర, ముగ్గురు చంద్రులు, నాలుగు లిపులు రాసుకున్న మాస్టర్, ఆటగాడు “సంతలో ఏం అమ్ముతున్నారు?” అని అడిగితే తడుముకుంటాడు. రాసుకున్నదాంట్లో ముప్పాతిక భాగం టేబుల్ దాకా రాదు.

మూడోది మన నేలనే పేర్లు మార్చి వాడుకోవడం. మొదటి క్యాంపెయిన్‌కైతే, అంటే వారాల తరబడి సాగే ఒకే కథకైతే, నేను గట్టిగా చెప్పేది ఇదే.

తిరుపతి పక్కనున్న చంద్రగిరినే తీసుకోండి. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక రాజధాని పెనుకొండకు, తరవాత చంద్రగిరికి జరిగింది. 1639లో మద్రాసు తీరంలో ఈస్టిండియా కంపెనీకి చోటు దొరికింది కూడా ఆ వంశపు ఆఖరి రాజుల కాలంలోనే. ఇప్పుడు పేర్లన్నీ తీసేసి చూడండి. పెద్ద నగరం పోగొట్టుకున్న ఒక రాజు కొండ కింద కోటలో తల దాచుకున్నాడు. చుట్టుపక్కల పాలెగాళ్లు కప్పం కట్టాలా మానాలా అని లెక్కలు వేసుకుంటున్నారు. సముద్రం ఒడ్డున ఓడలవాళ్లు కాస్త నేల అడుగుతున్నారు, బదులుగా తుపాకులు ఇస్తామంటున్నారు. ఊళ్లో ప్రతి మనిషికీ ఒక భయం, ఒక ఆశ అప్పటికే ఉన్నాయి. మాస్టర్ ఇంతకు మించి కష్టపడి కల్పించాల్సిన పని లేదు.

చూడాలనుకుంటే అవన్నీ పక్కనే ఉన్నాయి. మూడంతస్తుల రాజమహల్, పక్కన రాణిమహల్, వెనక నున్నటి బండల గుట్ట. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం, తలకోనలో పై నుంచి దూకే నీళ్లు. బృందమంతా ఒక ఆదివారం పొద్దున కోట గోడ పక్కన నడిచి వస్తే, తరవాత మాస్టర్ “గోడ ఎత్తుగా ఉంది” అనగానే ఎంత ఎత్తో అందరికీ ఒకేలా కనిపిస్తుంది. ఇది ఏ పుస్తకమూ ఇవ్వలేని సదుపాయం.

తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక చిన్న ఉదాహరణ. ఆటగాడు “ఊరి బయట చెరువు ఉందన్నావు కదా, అక్కడికి పోతా” అన్నాడు. “సాయంత్రపు వెలుగులో చెరువు వెండిలా మెరుస్తోంది, కొంగలు ఎగురుతున్నాయి” అని చెప్పొచ్చు. అందరూ తల ఊపుతారు, ఆట అక్కడే ఆగుతుంది. అదే ఇలా చెప్పి చూడండి: “తూము దగ్గర ఇద్దరు అరుచుకుంటున్నారు. ఒకడి చేతిలో పార ఉంది. ఈ రాత్రి నీళ్ల వంతు ఎవరిదన్నది గొడవ. నిన్ను చూసి ముసలాయన ‘నువ్వు ఊరికి కొత్తోడివి, ఎవరి పక్షమూ కాదు. నువ్వే చెప్పప్పా’ అంటాడు.” చెరువును వర్ణించనే లేదు, అయినా ఆటగాడు అక్కడ నిలబడ్డాడు. నీళ్ల వంతు అంటే ఏమిటో మనవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు కాబట్టే ఇది ఒక్క క్షణంలో పని చేసింది.

ఒక్క జాగ్రత్త. మన తిరుపతి గుడి ఊరు. జనం రోజూ మొక్కే దేవుణ్ని ఆటలో పాత్రగా దించి, ఆయనకు ప్రాణం పాయింట్లు రాయకండి. కథ ఆకారం తీసుకోండి, మూర్తిని వదిలేయండి. తిరుపతి గంగ జాతర కథే చూడండి. అకృత్యాలు చేసే పాలెగాడు ప్రాణభయంతో దాక్కుంటాడు. అతణ్ని వెతుకుతూ అమ్మవారు రోజుకొక వేషం కడుతుంది. దొర వేషం చూసి అతను బయటికి వస్తాడు. దాక్కున్న దుర్మార్గుడు, వేషం మార్చుకుంటూ వెతికేవాళ్లు, ఏ వేషానికి బయటపడతాడన్న ప్రశ్న. ఈ మూడింటితో ఒక కల్పిత ఊళ్లో నెల రోజుల ఆట నడపొచ్చు. వెతికేవాళ్లు మీ ఆటగాళ్లే.

ఏ రూల్స్

ఇక్కడ ఎక్కువ సేపు ఆగను. సాహసం, యుద్ధం, మంత్రాలు కావాలంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి డబ్బు పెట్టకుండా మొదలుపెట్టొచ్చు. భయం, పరిశోధన కావాలంటే 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతుల్హు. అందులో నైపుణ్యాలు శాతాల్లో ఉంటాయి. “తాళం తీయడం 40” అని ఉంటే నూటికి నలభై సార్లు కుదురుతుందని మొదటిసారి ఆడేవాళ్లకూ అర్థమైపోతుంది. రూల్ కోసం పుస్తకం తిరగేసిన ప్రతిసారీ లోకం చెదిరిపోతుంది. కాబట్టి మీకు నోటికి వచ్చిన రూల్సే మీకు మంచివి.

చరిత్ర ముందే రాయాలా, కలిసి అల్లుకోవాలా

మాస్టర్ అంతా రాసుకుని వచ్చి చెప్పడం ఒక పద్ధతి. మొదటి రోజు అందరూ కూర్చుని ఊరిని కలిసి కట్టుకోవడం ఇంకో పద్ధతి. రెండోదానికోసమే తయారైన ఆటలూ ఉన్నాయి. 2011లో బెన్ రాబిన్స్ చేసిన మైక్రోస్కోప్‌లో అందరూ కలిసి ఒక యుగం చరిత్రను ముందుకీ వెనక్కీ దూకుతూ అల్లుతారు. 2013లో ఏవరీ ఆల్డర్ చేసిన ది క్వైట్ ఇయర్‌లో పేకముక్కలు తీస్తూ ఒక చిన్న సమూహపు సంవత్సరాన్ని పటంగా గీస్తారు. ఒక్కో ముక్క ఒక్కో వారం.

కలిసి కట్టుకున్న ఊరికి ఒక పెద్ద లాభం ఉంది. తను పేరు పెట్టిన వీధి తగలబడుతుంటే ఏ ఆటగాడూ ఫోన్ చూసుకోడు. దీనికి మైక్రోస్కోప్ కొనాల్సిన పనీ లేదు. మొదటి రోజు ప్రతి ఒక్కరినీ మూడు అడగండి: ఊళ్లో నీకు తెలిసిన ఒక చోటు, నువ్వు తప్పించుకు తిరిగే ఒక మనిషి, నిజమో కాదో నీకే తెలియని ఒక పుకారు. నలుగురికి పన్నెండు సమాధానాలు వస్తాయి, ఊరికి సరిపడా ముడిసరుకు అదే. ఒకడు “మా మామ బెల్లం గానుగ” అంటాడు. ఇంకొకరు “సంతలో చెనక్కాయలమ్మే ముసలమ్మకు నేను బాకీ” అంటారు. ఇద్దరి మాటలూ పటం మీద రాయండి, మిగతా చోటు ఖాళీగా వదలండి. ఖాళీ ఉంటేనే తరవాత ఎవరో ఒకరు వేలు పెట్టి “ఇక్కడ ఏముంది?” అని అడుగుతారు.

నష్టమూ ఉంది. హంతకుడెవరో కనిపెట్టే కథలో హంతకుణ్ని అందరూ కలిసి కల్పించలేరు. రహస్యం మీద నడిచే ఆటలో మాస్టర్ ముందే రాసుకోవాలి, రాసుకున్నదాన్ని మార్చకూడదు. ఆటగాళ్లు తెలివిగా సరైనవాణ్ని అనుమానించారని చివరి నిమిషంలో నేరస్తుణ్ని మార్చేస్తే, ఆ సంగతి బయటపడిన రోజున మీ లోకాన్ని ఇక ఎవరూ నమ్మరు. అందుకే నా పద్ధతి: ఊరు అందరిదీ, రహస్యం మాస్టర్‌ది.

ఏ భాషలో ఆడాలి

నిజానికి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ఈ ఒక్క మాట చెప్పాలనే. రూల్స్ ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి ఆట కూడా ఇంగ్లీషులోనే ఆడే బృందాలు ఉన్నాయి. టేబుల్ దగ్గర ఇతర రాష్ట్రాల విద్యార్థులు ఉంటే తప్పదు. ఇక్కడి ఐఐటీ, ఐసర్ క్యాంపస్‌లలో మామూలుగా ఉండే పరిస్థితే అది. కానీ అందరికీ తెలుగు వచ్చినప్పుడు, డైస్, డ్యామేజ్, లెవెల్ వంటి మాటలు అలాగే ఉంచి, మనుషుల మధ్య మాటలన్నీ తెలుగులోకి తెండి. ఒక్క పూటలో తేడా కనిపిస్తుంది.

ఎందుకంటే తెలుగులో ఒక మనిషి నోరు తెరిస్తే చాలు, ఎదుటివాణ్ని ఏ మెట్టు మీద నిలబెట్టాడో తెలిసిపోతుంది. కోట వాకిట్లో కావలివాడు మొదటిసారి ఆటగాళ్లను ఆపి “రేయ్, ఎవుర్రా మీరు? ఈ పొద్దప్పుడు యాడికి?” అన్నాడు. మధ్యలో వాళ్లు అతని తమ్ముణ్ని దొంగల చేతిలోంచి విడిపించారు. ఈసారి అదే వాకిట్లో అదే మనిషి లేచి నిలబడి “రాండన్నా, సంగటి తిని పోదురు” అంటాడు. మాస్టర్ “అతనికి మీ మీద గౌరవం పెరిగింది” అని వేరే చెప్పక్కర్లేదు. పేరూ గొప్పా ఏవీ కాగితం మీద పాయింట్లుగా రాయక్కర్లేదు. లోకం బదులు చెప్పింది, ఆటగాళ్ల చెవిన పడింది.

దీనికి చేయాల్సిన సిద్ధం చాలా తక్కువ. ప్రతి ముఖ్యమైన పాత్ర పేరు పక్కన, అతను ఒక్కొక్క ఆటగాణ్ని ఏమని పిలుస్తాడో రాసుకోండి. పాలెగాడి భార్య ఒకర్ని “నాయనా” అంటుంది, ఇంకొకర్ని పేరు పెట్టి కూడా పిలవదు. ఎందుకో అడగాలని ఆ రెండో ఆటగాడికి తప్పక అనిపిస్తుంది. వ్యాపారి మొదట “మీరు” అని, బేరం చెడగానే “నువ్వు”కు దిగుతాడు. ఇంతకంటే నటన అవసరం లేదు, గొంతు మార్చాల్సిన పని అసలే లేదు. యాస మాత్రం నవ్వించడానికి వాడొద్దు. ఫలానా కులంవాళ్లు, ఫలానా ఊరివాళ్లు ఇలాగే మాట్లాడతారని వెక్కిరింతగా పలికితే టేబుల్ దగ్గర ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. వాళ్లు ఆ లోకంలోంచి బయటికి వచ్చేస్తారు.

“నేను తలుపు తోస్తా” అనాలా, “మావాడు తలుపు తోస్తాడు” అనాలా అన్నది చాలామంది పట్టుబట్టే విషయం. నాకు పట్టింపు లేదు. సిగ్గరి ఆటగాళ్లు రెండోదాంట్లోనే నెలల తరబడి హాయిగా ఆడతారు, కథ వేడెక్కినప్పుడు తమకు తెలియకుండానే “నేను” లోకి వచ్చేస్తారు. బలవంతం చేస్తే అది జరగదు.

కంటికి, చెవికి, చేతికి

ఇప్పుడు కొనే సంగతి. ముందు వరస చెప్పేస్తా: చేతికి ఇచ్చే వస్తువు మొదటిది, శబ్దం రెండోది, వెలుతురు మూడోది, బొమ్మలు ఆఖరిది.

చిన్న బొమ్మలు, గళ్ల పటం యుద్ధంలో పనికొస్తాయి. ఒక అంగుళం గడి అంటే ఐదడుగులు, ఎవరు ఎక్కడున్నారో వాదన ఉండదు. కానీ బొమ్మ దించగానే అందరి కళ్లూ గళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతాయి. ముగ్గురికి మించి శత్రువులున్నప్పుడే గళ్లు పరవండి, బొమ్మల బదులు చింతపిక్కలు పెట్టుకోండి. మిగతాదంతా మాటల్లోనే బాగుంటుంది.

శబ్దానికి టేబుల్‌టాప్ ఆడియో అనే సైట్ ఉంది. అడవి, సంత, వాన, గుహ లాంటివి పది నిమిషాల ముక్కలుగా ఉచితంగా దొరుకుతాయి. మాట కిందికి వినిపించీ వినిపించనట్టు పెట్టండి. సినిమా నేపథ్య సంగీతం వద్దు. వినగానే అందరికీ ఆ హీరో, ఆ సీన్ గుర్తొస్తాయి, మీ అడవి మాయమైపోతుంది. వెలుతురుకు ఒక దీపం చాలు. 2015లో వచ్చిన టెన్ క్యాండిల్స్ అనే భయం ఆటలో పది కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతూ ఆట ముగింపుకు వస్తుంది. 2005 నాటి డ్రెడ్‌లో డైస్‌కు బదులు చెక్కముక్కల గోపురంలోంచి ముక్క లాగాలి, అది కూలితే పాత్ర పోయినట్టే. ఆ రెండింట్లో వస్తువే రూలు, అందుకే అంత పట్టు. ఊరికే అలంకారంగా కొవ్వొత్తి పెడితే క్యారెక్టర్ షీట్, అంటే పాత్ర వివరాలు రాసుకున్న కాగితం, చదవడం కష్టమవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

చేతికి ఇచ్చే వస్తువు దగ్గర మాత్రం కాస్త శ్రమపడండి. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం మీద ఉత్తరం రాయడం అందరూ చేసేదే, బాగానే ఉంటుంది. మన జిల్లాలో దానికంటే మంచిది ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. నల్ల గీతకు ఇనుప తుప్పు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రావణం వాడతారు. వెదురు కలంతో గీసినప్పుడు ఆ ద్రావణం కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీత చెదరకుండా ఆపుతుంది.

ఇప్పుడు దాన్ని తిరగేయండి. కరక్కాయ పట్టించని మామూలు తెల్ల గుడ్డ మీద ఆ ఇనుప నీళ్లతో పలచగా రాసి ఆరబెడితే లేత తుప్పు మరకల్లా కనిపిస్తుంది, అక్షరాలని పట్టుకోవడం కష్టం. ఆ గుడ్డను “చనిపోయిన వార్తాహరుడి తలపాగా” అని ఆటగాళ్లకు ఇవ్వండి. పక్కన ఒక గిన్నెలో కరక్కాయ పొడి కలిపిన నీళ్లు, కుంచె పెట్టండి. అదేమిటో చెప్పకండి. ఎవరో ఒకరికి వైద్యుడి ఇంట్లో దొరికిన కరక్కాయల మూట గుర్తొచ్చి, కుంచె ముంచి గుడ్డ మీద పూస్తారు. తడి తగిలిన చోట అక్షరం నల్లగా పైకి తేలుతుంది, మొదట ఒక కొమ్ము, తరవాత ఒక గుడి, తరవాత పూర్తి పేరు. పాత బట్టలు వేసుకుని, పాత చాప మీద కూర్చుని చేయండి, మరక వదలదు. ముందురోజు చిన్న ముక్క మీద పరీక్షించి చూసుకోండి. ద్రావణం పులియకపోతే రంగు బూడిదగానే ఆగుతుంది.

ఇలాంటిది క్యాంపెయిన్‌కు ఒకటో రెండో చాలు. ప్రతి వారం ఇస్తే మాస్టర్‌కు ఓపిక అయిపోతుంది, ఆటగాళ్లు వస్తువు లేని రోజును తక్కువగా చూస్తారు.

లోకం లోతయ్యే కొద్దీ

నిజమనిపించే లోకంలో దెబ్బ కూడా నిజంగానే తగులుతుంది. పాలెగాడి దౌర్జన్యం, ఆడవాళ్ల మీద హింస, కులం పేరుతో అవమానం కథలోకి వస్తే ఎవరి గతం కదులుతుందో మనకు తెలియదు. దీనికి రెండు ఏర్పాట్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి, ఆట మొదలవక ముందే కూర్చుని “ఇవి మన కథలో ఉండవు, ఇవి ఉన్నా తెర వెనకే జరుగుతాయి” అని తేల్చుకోవడం. రెండోది, జాన్ స్టావ్రోపోలస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డు. టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది. ఎవరు ముట్టుకున్నా కారణం అడగకుండా ఆ ఘట్టం దాటేస్తారు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన స్నేహితులైతే మొదటిది సరిపోతుంది. కొత్తవాళ్లు ఒక్కరున్నా రెండూ పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్లు నోరు తెరిచి “నాకు ఇది ఇబ్బందిగా ఉంది” అనలేరు, కార్డు మీద వేలు పెట్టగలరు.

మిద్దె మీదా, స్క్రీన్ ముందా

చదువు అయ్యాక సగం మంది చెన్నైకో బెంగళూరుకో పోతారు, బృందం విడిపోతుంది. డిస్కార్డ్‌లో మాట్లాడుకుంటూ రోల్20, ఫౌండ్రీ లాంటి ఆన్‌లైన్ ఆట బల్లల మీద ఆట కొనసాగించొచ్చు. పటాలు, చీకటి, వెలుతురు అందులో బాగా చూపించొచ్చు, శబ్దం ప్రతివాళ్ల హెడ్‌ఫోన్‌లో పడుతుంది. పోయేది ఒకటే, పక్కవాళ్ల ముఖం. ఎవరు విసుగ్గా ఉన్నారో, ఎవరు ఏదో అనబోయి ఆగారో మాస్టర్‌కు తెలియదు. కాబట్టి ఆన్‌లైన్‌లో ఘట్టాలు చిన్నవిగా ఉంచండి, పేరు పెట్టి అడగండి, రెండు గంటలు ఆడాక ఆపండి. ఎదురెదురుగా కూర్చునే వీలుంటే ఎండ తగ్గాక మిద్దె మీద చాప వేసుకోండి. ఆ రెంటిలో నేను ఆలోచించకుండా మిద్దెనే ఎంచుకుంటా.

కథ రాయాలా, గడియారం పెట్టాలా

చాలామంది మాస్టర్లు వచ్చే వారం జరగబోయేది నవలలా రాసుకుంటారు. ఆటగాళ్లు ఇంకో దారిన పోగానే ఆ కాగితాలు వృథా. లేదా మాస్టర్ వాళ్లను బలవంతంగా తన దారికి లాక్కొస్తాడు, వాళ్లకు అది తెలిసిపోతుంది. దానికంటే ఎంతో మెరుగైన పద్ధతి 2017లో జాన్ హార్పర్ చేసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆటలో ఉంది. ఒక వృత్తం గీసి నాలుగో ఆరో ఎనిమిదో ముక్కలు చేస్తారు. దాన్ని క్లాక్ అంటారు. ఒక ముప్పు దగ్గరపడే కొద్దీ ఒక్కో ముక్క నింపుతారు. మీరు ఏ రూల్స్ ఆడినా ఇది అతుకుతుంది.

మన కోట కథకే ఒకటి రాసి చూపిస్తా. పేరు: “పాలెగాడు కోట మీదికి వస్తాడు.” ఆరు ముక్కలు. ఒకటి నిండితే సంతలో ఉప్పు ధర పెరుగుతుంది. రెండు నిండితే కావలివాళ్లు రాత్రి పహరాకు మనుషుల్ని అదనంగా పెడతారు. మూడు నిండితే పై ఊళ్ల నుంచి కుటుంబాలు మూటాముల్లెతో దిగొస్తాయి. నాలుగుకు సత్రం మూతపడుతుంది, అక్కడ తినే ఆటగాళ్లకు కూడు ఉండదు. ఐదుకు పొద్దుగూకితే కోట తలుపులు వేసేస్తారు, బయట ఉన్నవాళ్లు బయటే. ఆరుకు గుట్ట మీద దివిటీలు. ఆటగాళ్లు ఆ ముప్పును పట్టించుకోని ప్రతి సెషన్‌కూ ఒక ముక్క నింపండి. వాళ్లు పాలెగాడి బావమరిదిని మంచి చేసుకుంటే ఒకటి చెరిపేయండి.

ఇందులో గొప్పతనం ఏమిటంటే, ఉప్పు ధర పెరిగిందని విన్నప్పుడు ఆటగాళ్లలో ఒకరు “ఎందుకు?” అని అడుగుతారు. జవాబు మీ దగ్గర అప్పటికే ఉంది. మూడు ముప్పులకు మూడు క్లాక్‌లు పెట్టుకుంటే చాలు, అంతకు మించితే మీకే గుర్తుండవు. సెషన్ అయిన వెంటనే, అందరూ చెప్పులు వేసుకుంటుండగానే, ఏ ముక్క నిండిందో, ఎవరికి ఏం మాట ఇచ్చారో, కొత్తగా పుట్టిన పేర్లేమిటో రాసేయండి. తెల్లారితే సగం మరిచిపోతారు.

క్లాక్ నిండిందంటే నిండినట్టే. ఆటగాళ్లు బతిమాలినా, మీకే ఆ కోట మీద ప్రేమ ఉన్నా, వెనక్కి తిప్పకండి. కోట పోనివ్వండి. తరవాతి సెషన్ దక్షిణానికి పోయే బండ్ల వరసలో, రాజుగారి మనుషుల మధ్య, ఎవరి చేతిలో ఏ మూట ఉందో అడుగుతూ మొదలుపెట్టండి.